పదకొండు ఇళ్ల తట్టును తిన్న మేక

రూప్లా తండాలో ఒక మేక మూడు రోజుల్లో పదకొండు ఇళ్ల తట్టును నమిలి మింగి, తీరిగ్గా నెమరు కూడా వేసింది. ఇది రెండు వేల ఆరులో, మిర్చి ఎరుపెక్కే కాలంలో జరిగింది. డాక్టర్లు చేయలేని పని, సూదులు చేయలేని పని, ఒక మేక చేసి చూపించింది.

సరే, పదకొండంటే మరీ పదకొండు కాకపోవచ్చు. తొమ్మిది ఇళ్లది పూర్తిగా తిన్నది. ఒక ఇంటిది సగం కొరికి వదిలేసింది. ఇంకో ఇంటిది అందక, వెనక కాళ్ల మీద లేచి వాసన చూసి ఊరుకుంది. అది తిన్నది తట్టును కూడా కాదు, తట్టు లెక్కను. జబ్బును తినే మేక ఇంకా పుట్టలేదు. లెక్కల్ని తినేవి మాత్రం లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి రెండే కాళ్లు. దీనికి నాలుగు.

ఆ లెక్క మంగ్లిది.

మంగ్లి ఇల్లందు పక్క తండాలో పుట్టింది. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పదో తరగతి అయ్యాక ఖమ్మంలో నర్సు ట్రైనింగు చేసి, చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట సబ్‌సెంటర్లో ఏఎన్ఎంగా చేరింది. సబ్‌సెంటరంటే రెండు గదులు, ఒక బల్ల, పిల్లల్ని తూచే కాటా, తలుపు సగమే మూసుకునే బీరువా. దాని కింద మూడు తండాలు, రెండు గూడేలు, కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల పేట ఒకటి. ఆరు ఊళ్లకూ సూది ఆమె ఒక్కతే.

భుజాన టీకాల నీలం డబ్బా, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు మలుపులో కనబడితే చాలు, పిల్లలు చెట్లెక్కేవారు. ఒకసారి ఒక పిల్లవాడు దిగనంటే తనే చెట్టెక్కి, కొమ్మ మీద కూర్చోబెట్టి సూది వేసి, దూది అదిమి, వాడికంటే ముందు కిందికి దిగిందని చెప్పుకుంటారు. కొమ్మ మీద కాదు, చెట్టు మొదట్లోనే అని ఆ పిల్లవాడి తల్లి సరిదిద్దబోయింది. కానీ సూది దిగేటప్పుడు ఆ తల్లి కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఆమె సాక్ష్యం చెల్లదు.

అన్ని జబ్బుల్లోకీ మంగ్లిని ఏడిపించింది తట్టు. ఎందుకంటే ఆ ప్రాంతంలో తట్టును తట్టు అనరు. పిల్లకు ఒళ్లు కాలి, కళ్లు ఎర్రబడి, చెవుల వెనక నుంచి ఎర్రటి దద్దు దిగితే అమ్మ వచ్చిందంటారు. అమ్మ వచ్చిన ఇంటి గడపకు వేపమండ కడతారు. పరాయి మనిషి లోపలికి రాకూడదు. సూది అసలే రాకూడదు. పొయ్యి మీద నూనె కాగకూడదు, పోపు చిటపటలాడకూడదు. ఆ ఘాటు అమ్మకు గిట్టదు. అమ్మ వెళ్లిందని పిల్లకు నీళ్లు పోసేదాకా ఇంటిల్లిపాదీ చప్పటి పప్పూ, మజ్జిగన్నమూ తినాలి. ఇక పేరు పెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. తట్టు వచ్చిందా అని మంగ్లి వీధిలోంచి అడిగితే, అందరం మంచిగున్నమని ఇంటి ఆడమనిషి గడపలోకి వచ్చి, వేపమండ తలకు తగలకుండా వంగి మరీ చెప్పేది.

నోరు చెప్పనిది గడప చెబుతోంది కదా అని మంగ్లి ఒక ఉపాయం కనిపెట్టింది. వారానికోసారి ఆరు ఊళ్ల వీధులూ తిరిగి వేపమండలు లెక్కపెట్టేది. సబ్‌సెంటరు గోడ మీద బడి పంతులు జగదీష్ గీసిచ్చిన పటం ఉండేది. అందులో వాగు పాములాగా, రోడ్డు వాగులాగా ఉండేవి గానీ, ఊళ్లన్నీ ఎక్కడివక్కడే ఉండేవి. మండ కనబడిన ప్రతి ఇంటికీ ఆ పటంలో ఒక ఎర్ర బొట్టుబిళ్ల అంటించేది. మండ తీసేశాక దాని మీద ఆకుపచ్చ బిళ్ల. బిళ్లలన్నీ ఇంట్లోవే. కూసుమంచి జాతరలో కొనుక్కొచ్చిన అట్టలు నెలలో ఖాళీ అయ్యేవి. అత్త గోరి, నుదుట ఆకుపచ్చ బొట్టుతో తిరుగుతూ, ఈ ఇంట్లో ఎరుపు మొత్తం రోగాలకే పోతోందని కొడుకు రామ్‌చందర్‌తో చెప్పుకుని బాధపడేది. రామ్‌చందర్ ఆర్టీసీ కండక్టరు. భార్యకూ తల్లికీ మధ్య టికెట్ ఎవరికి కొట్టాలో తెలియక రెండు వైపులా తల ఊపేవాడు.

నెలాఖరున హెల్త్ సూపర్‌వైజరు వెంకటప్పయ్య బండి మీద వచ్చి, పటం ముందు నిలబడి, వేలితో బిళ్లలు లెక్కపెట్టి రాసుకుపోయేవాడు. ఆ లెక్క మండలానికి, మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి ఢిల్లీకి పోతుందని ఆయన చెప్పేవాడు. మండలం ఆఫీసులో అచ్చేసిన దేశ పటం ఒకటి ఉండేది. తట్టు ఎక్కువున్న చోట ముదురు ఎరుపు, తక్కువున్న చోట లేత ఎరుపు, లేని చోట తెలుపు. ఒకసారి ఆయన మంగ్లికి అది చూపించి, ఇంత దేశంలో మన జిల్లా గోరంత, ఆ గోరంతలో ఎరుపు నువ్వు పెట్టిన బొట్లేనని చెప్పాడు. ఆ తర్వాత చాలా రోజులు, ఢిల్లీలో ఎవరో పెద్దమనిషి తన అత్త బొట్టుబిళ్లల్ని కళ్లద్దాలు పెట్టుకుని చూస్తున్నట్టు మంగ్లికి అనిపించేది.

ఆ రోజే ఆమె ఒక మాట అడిగింది. గోదావరి అవతల ఇంత మేర తెల్లగా ఉందేమని.

"అక్కడ జబ్బు లేదన్నమాట," అన్నాడు వెంకటప్పయ్య.

"గక్కడ అడవి సార్. రోడ్డే లేదు. ఎవలు పోయి లెక్కపెట్టిన్రు?"

"రోడ్డే లేకపోతే జబ్బు మాత్రం ఎట్లా వెళ్తుంది మంగ్లీ?" అని ఆయన పటం మీద దుమ్ము తుడిచాడు.

ఇక మేక సంగతి.

ఆ ఏడు ఫిబ్రవరిలో రూప్లా తండాలో మొదట మూడు గడపలకు వేపమండలు కనబడ్డాయి. రెండు రోజులకు ఆరు. గురువారానికి పదకొండు. పటంలో రూప్లా తండా అనే అక్షరాలు బొట్టుబిళ్లల కింద మునిగిపోయాయి. కిందటేడు ఒక గూడెంలో తట్టు తగ్గిందనుకున్న పిల్ల వారానికి ఊపిరితిత్తుల జ్వరంతో పోయింది. ఆ పిల్ల కాటాలో కూర్చుని నవ్విన నవ్వు మంగ్లికి ఇంకా గుర్తు. వెంటనే వెంకటప్పయ్యకు కబురు పెట్టింది. ఆయన వచ్చి, బిళ్లలు రెండుసార్లు లెక్కపెట్టి, కాగితం రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకుని పోయాడు. జిల్లా నుంచి జవాబు వచ్చింది. బుధవారం డాక్టరమ్మ జీపులో వస్తుంది, అరవై మంది పిల్లలకు సరిపడా టీకా వస్తుంది, అంతా రూప్లా తండాకే. ఈ సీజనుకు ఈ వైపు అంతకు మించి రాదు.

సోమవారం ఆ సంగతి చెప్పడానికి మంగ్లి తండాకు వెళ్లింది. వీధి మొదట్లోనే ఎవరో తుమ్మినట్టయింది. చూస్తే మేక. తెల్ల మేక, మోకాళ్లదాకా ఎర్రటి దుమ్ము. గడప మీద ముందు కాళ్లు పెట్టి, వేపమండను కిందికి గుంజి, ఆకు తర్వాత ఆకు శ్రద్ధగా తింటోంది. నాలుగు ఆకులకు ఒకసారి తుమ్ముతోంది. అటు పక్క ఇంటికి మండ లేదు, దారం మాత్రం వేలాడుతోంది. ఇటు పక్కా అంతే. గురువారం నాటి పదకొండు ఇవాళ నాలుగు.

మంగ్లి గొడుగు మూసి మేక వెంట పడింది. మేకకు అది ఆటగా తోచింది. వీధి ఆ చివర నుంచి ఈ చివరికి మూడుసార్లు పరుగు అయ్యాక ఆమెకు ఒక సంగతి తట్టింది. అమ్మ ఉన్న ఇంటి మండను మేక తింటుంటే ఆ ఇంటివాళ్లు లబలబలాడాలి కదా. ఇక్కడ దేవ్లా అనే ముసలాయన తన గడప పక్కనే మంచం మీద కూర్చుని, మేక ఎటు తిరిగితే అటు తల తిప్పుతూ హాయిగా చూస్తున్నాడు. ఆయన మనవలు ముగ్గురూ మేక పార్టీ, దాన్ని ఉసిగొల్పుతున్నారు. ఒంటి మీద ఒక్క దద్దు లేదు. అప్పుడే ఆ ఇంట్లోంచి వాసన వచ్చింది. ఎండుచేపల వేపుడు. మీద వెల్లుల్లి పోపు.

మంగ్లి మేకను వదిలేసి మంచం దగ్గరికి వచ్చింది.

"దేవ్లా తాతా, నీ ఇంట్ల అమ్మ ఉన్నదా లేదా?"

"మేకకు మండ పెట్టినంక ఇంక దాచేదేముంది బిడ్డా," అన్నాడు దేవ్లా. "అమ్మ లేదు. బామ్మర్ది రాకుంట కట్టిన."

దేవ్లా బామ్మర్ది ఏటా మిర్చి కాలంలో వచ్చి పదిహేను రోజులు ఉండేవాడు. వచ్చిన మొదటి గంట నుంచి తన పన్ను పీకించుకున్న కథ చెప్పేవాడు. అది ఒక్క పన్నే, కానీ పీకడానికి ఏటేటా ఎక్కువ సమయం పట్టేది. ఈ ఏడు దేవ్లా గడపకు మండ కట్టాడు. బామ్మర్ది దూరం నుంచే దండం పెట్టి, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు. పక్కింటాయన అది చూశాడు. ఆయనకు పెళ్లిళ్ల పేరయ్య బెడద. ఆయనా కట్టాడు. ఆ పక్కింట్లో మీటరు చూడడానికి వచ్చే మనిషి, ఆ ఎదురింట్లో పాట నేర్చుకుంటున్న మేనల్లుడు. చివరింటామెకు ఏ కారణమూ లేదు. అందరి గడపలూ పచ్చగా ఉండి తన గడప బోసిగా ఉందని కట్టుకుంది.

మంగ్లి మంచం మీద కూలబడింది. తను ఒక్కనాడూ గడప దాటి చూడలేదు. మండ ఉన్న ఇంట్లోకి పోరాదు కదా అని వీధిలోంచే లెక్కపెట్టింది. ఆ లెక్క మీద సంతకం పెట్టింది. బుధవారం అరవై టీకాలు వచ్చి, ఒక పన్ను కథ భయానికి కట్టిన మండల ముందు ఆగబోతున్నాయి. ఢిల్లీ పెద్దమనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నట్టు ఆమెకు కనబడింది.

మేక వచ్చి ఆమె పక్కన నిలబడి తుమ్మింది.

ఇది ఎవరిదని అడిగితే అదే తండా సోనిదన్నారు. సోని బిడ్డను ఎత్తుకుని, పేట రైతు వెంకటరామారావు మిర్చి చేనుకు కాయ ఏరడానికి పోయింది, బిడ్డ పాల కోసం మేకనూ తోలుకుపోయింది. మేకకు అక్కడ మిర్చి తప్ప మేత లేక రోజూ తప్పించుకుని తండాకు వస్తోంది. ఆ ఎర్ర దుమ్ము, తుమ్ములు అక్కడివే. సోని వచ్చి పట్టుకుపోదా అని అడిగింది మంగ్లి. ముందు వచ్చేది, వారం నుంచి రావడం లేదన్నారు.

సోని ఆ మేకను విడిచి పూట ఉండే మనిషి కాదు. ఒకసారి బస్సులో దానికి సీటు ఇవ్వనందుకు రామ్‌చందర్‌తోనే గొడవ పడింది. అలాంటిది వారం రాలేదంటే మంగ్లికి మనసొప్పలేదు. మేక మెడకు తాడు వేసి చేను దారి పట్టింది. ఎవరు ఎవరిని తీసుకుపోయారన్నది చెప్పలేం. తాడు మాత్రం రెండు వైపులా బిగుతుగానే ఉంది.

చేను పక్కన మిర్చి కల్లం, కల్లం పక్కన పాతిక టార్పాలిన్ డేరాలు. మంగ్లి ఊళ్ల నుంచీ, ఇంకా గోదావరి అవతలి గూడేల నుంచీ, మొత్తం పద్నాలుగు పల్లెల వాళ్లు అక్కడ దిగి ఉన్నారు. మధ్యలో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద అందరికీ కలిపి ఒక్క పెద్ద కుండ. కుండలో పప్పు. పోపు లేని పప్పు. ఆ వాసన ముక్కుకు తగలగానే, తగలకపోగానే అనాలి, మంగ్లి మేకను ఒక కర్రకు కట్టేసి గబగబా డేరాల వైపు నడిచింది.

సోని డేరాలో బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. బిడ్డ మొహం మీద, మెడ మీద దద్దు. కళ్లు వెలుతురును చూడలేక మూసుకుపోతున్నాయి. మంగ్లి ప్రతి డేరాలోకీ తొంగిచూసింది. అలాంటి పిల్లలు తొమ్మిది మంది.

కూలీల ముఠాను నడిపే మేస్త్రీ ఎర్రమ్మ, గూడెం మనిషి. అరవై ఏళ్లు, చేతికర్ర, బెత్తం పట్టిన హెడ్‌మిస్ట్రెస్ చూపు. ఆమె ఊ అంటే ముఠా లేస్తుంది, ఊహూ అంటే కూర్చుంటుంది.

"ఎన్ని దినాలాయె ఎర్రమ్మా?"

"తొమ్మిది."

"మరి వేపమండ కట్టలేదేంది? కడితే నాకు తెలుస్తుండె కదా."

"ఏడ కట్టాలె?" అంది ఎర్రమ్మ. "తలుపేది?"

మంగ్లి డేరాల వైపు చూసింది. నిజమే. నాలుగు కర్రలు, పైన పట్టా. గడప లేదు, ద్వారబంధం లేదు. ఆమె ఇన్నేళ్లుగా లెక్కపెట్టింది తలుపులను. తలుపున్న తండాలో తట్టు లేకపోయినా పటం ఎర్రబడింది. తలుపులేని చేను, ఉన్న తట్టంతా తన దగ్గరే ఉండి, తెల్లగా మిగిలిపోయింది. గోదావరి అవతల ఎందుకు తెల్లగా ఉందో వెంకటప్పయ్యకు తెలియకపోయినా, మంగ్లికి అప్పుడు తెలిసింది.

శుక్రవారంతో ఏరడం అయిపోతుంది. శనివారం పొద్దున అందరూ మూటలు కట్టి పద్నాలుగు పల్లెలకు పోతారు, తట్టును కూడా మూటలో కట్టుకుని. ఇంకా దద్దు రాని పిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఒక్క సూదీ పడలేదు. మంగ్లి బుధవారం బుధవారం ఊళ్లో సూదులు వేసేది, వాళ్లు బుధవారం బుధవారం ఏదో ఒక చేలో ఉండేవారు.

తొమ్మిది మందికీ చెంచాతో విటమిన్ ఏ పోస్తే ఎర్రమ్మ అడ్డు చెప్పలేదు. నోట్లో పోసేది సూది కాదు కదా. మిగతా పిల్లలకు టీకా మాటెత్తగానే చేతికర్ర నేలకు తాటించింది.

"ఒక్క కుండల తినేటోళ్లంత ఒక్క ఇల్లే. అమ్మ గీ ఇంట్ల ఉన్నది. సూది రావొద్దు."

మంగ్లి పొద్దు వాలేదాకా చెప్పి చూసింది. ఎర్రమ్మ ప్రతి మాటకూ ఒకే జవాబు చెప్పింది. ఒక్క కుండ, ఒక్క ఇల్లు.

మంగళవారం పొద్దున వెంకటప్పయ్య సబ్‌సెంటరుకు వచ్చాడు. మంగ్లి ఆయనకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఆయన తాగేదాకా ఆగి, రూప్లా తండాలో తట్టు లేదని చెప్పింది. ఆయన మళ్లీ నీళ్లడిగాడు.

"కాగితంలో పదకొండని రాశాం మంగ్లీ. జిల్లాకు వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ పదకొండూ ఏమయ్యాయని రాయమంటావు?"

"మేక తిన్నది సార్."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన అనేక కారణాలు రాశాడు. కల్వర్టు కూలింది, ఐసు కరిగింది, రిజిస్టరు చెదలు పట్టింది. మేక మాత్రం లేదు. చివరికి ఆయన, చేనులో ఉన్నవాళ్లు మన పిల్లలు కాదు కదా, మన కాగితం రూప్లా తండాది కదా అన్నాడు.

"సోని రూప్లా తండదే సార్. ఇల్లు తండల, తట్టు చేన్ల. ఇంకో నలుగురు పిల్లలు గీ ఊళ్లోళ్లే. రేపు జీపు తండకు పోతె డాక్టరమ్మకు దేవ్లా బామ్మర్ది పన్ను కథ చెప్పాలె. మీరు చెప్తరా?"

ఆ కథ వెంకటప్పయ్య ఒకసారి విన్నాడు. బస్సులో, సత్తుపల్లి దాకా. జీపును ముందు చేనుకే తెస్తానని ఒప్పుకున్నాడు.

జీపు సంగతి తేలింది గానీ ఎర్రమ్మ సంగతి తేలలేదు. మంగ్లి ఇంటికి వచ్చేసరికి గోరి వంటింట్లో పప్పుకు పోపు వేస్తోంది. ఎండుమిర్చి ఘాటుకు మంగ్లి తుమ్మింది. అచ్చం మేకలాగా, ఒకటి, రెండు, మూడు. మూడో తుమ్ముకు ఆమె తల ఎత్తి అత్త చేతిలో గరిటె వైపు చూసింది. పది రోజులుగా పోపు తగలని నాలుకలు ఎన్ని ఉన్నాయో లెక్కవేసింది. అప్పటికప్పుడు అత్త దగ్గర పెద్ద కుండ అడిగింది. బొట్లు అయిపోయాయి, ఇప్పుడు కుండలా అని గోరి మూతి తిప్పుకుంది, అయినా ఇచ్చింది.

బుధవారం పొద్దున్నే చేనుకు ఒక ఊరేగింపు వచ్చింది. ముందు దేవ్లా, వెనక రూప్లా తండాలో మండలు కట్టిన పదకొండు ఇళ్ల వాళ్లు, తలా ఒక వేపమండ భుజాన వేసుకుని. అది మంగ్లి వేసిన శిక్ష. జబ్బు పిల్లల డేరాలు మూడింటిని ఒక వైపుకు జరిపించి, వాటి చుట్టూ ఆ మండలు పాతించింది. తలుపు లేని చోట గడప కట్టింది. ఎర్రమ్మ కర్ర మీద గడ్డం ఆనించి చూసింది.

"మండలు మంచిగనె పాతినవ్. కుండ ఒక్కటే గద."

"రెండోది వస్తున్నది, చూడు," అంది మంగ్లి.

గోరి ఇచ్చిన ఆ రెండో కుండను మోయించుకుని వెంకటరామారావు భార్య భారతమ్మ కల్లంలోకి వచ్చింది. ఒక చేతిలో నూనె సీసా, కొంగులో వెల్లుల్లి, కరివేపాకు. తాలింపంటే ఆమెకు ఊళ్లో పేరు.

"తాలింపు పెట్టమంటే పెడతాను గానీ మంగ్లీ, సూదుల దగ్గరికి నన్ను పిలవకు. నాకే కళ్లు తిరుగుతాయి," అని ఆమె ముందే చెప్పింది.

మండలకు దూరంగా, గాలి అవతలికి పోయే చోట పొయ్యి పెట్టారు. నూనె కాగింది. ఆవాలు చిటపటమన్నాయి. వెల్లుల్లి ఎర్రబడింది. ఆఖరున భారతమ్మ కల్లంలోంచే గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి తుంచి వేసింది. ఆ ఘాటుకు కల్లంలో ఉన్న వంద మందీ ఒకేసారి తుమ్మారని, ఆ తుమ్ముకు రెండు డేరాల పట్టాలు లేచాయని అంటారు. పట్టాలు లేచింది గాలికే కావచ్చు. అప్పుడే వచ్చి ఆగిన జీపులోంచి డాక్టరమ్మ తుమ్ముతూ దిగిందన్నది మాత్రం నిజం.

పప్పులో పోపు పడి చుయ్యిమన్నది. ముఠా అంతా చేతిలో పని ఆపేసింది.

ఎర్రమ్మ కర్ర ఊపుతూ అందరికీ వినబడేలా చెప్పింది. "ఆ కుండల తిన్నోళ్లు గీ ఇంటికెల్లి ఏరుపడ్డట్టే. చెప్తున్న."

"అవ్ అమ్మా, ఏరుపడ్డట్టే," అంది మంగ్లి. "ఏరుపడ్డోళ్ల ఇల్లు వేరే. ఆ ఇంట్ల అమ్మ లేదు. ఆడ సూది వెయ్యొచ్చు గద?"

మాట ఎర్రమ్మదే, తప్పని అనడానికి లేదు. అప్పుడు గోదావరి అవతలి గూడెం ఆమె ఒకతె, ఇద్దరు పిల్లల్ని రెండు చేతులా పట్టుకుని, ఎర్రమ్మ మొహం చూడకుండా, గిన్నె చంకన పెట్టుకుని నడిచింది. ముందు సూది, తర్వాత పప్పు అని మంగ్లి నియమం. పిల్లలు ఏడ్చారు, తర్వాత తిన్నారు, తింటూ ఏడ్చారు. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక వరస. అన్నదమ్ములు భూమి పంచుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఉమ్మడి కుటుంబం మాత్రం గంటలో ముక్కలైంది.

డాక్టరమ్మ కలిపిన మందు నాలుగు గంటల్లో వాడెయ్యాలి. రెండున్నర గంటల్లో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకు టీకాలు పడ్డాయి. మండల అవతల తొమ్మిది మంది పిల్లలు, వాళ్ల తల్లులు, వాళ్లకు తోడు కర్ర పట్టుకుని ఎర్రమ్మ మిగిలారు. చివరి పిల్లకు దూది అదిమి మంగ్లి తలెత్తేసరికి, ఎర్రమ్మ గిన్నెతో ఎదురుగా నిలబడి ఉంది.

"నాకు చిన్నపిల్లల్లేరు," అంది, ఎటో చూస్తూ. "సూది లేకుంట పప్పు పెడతవా?"

మంగ్లి పెట్టింది. ఎర్రమ్మ మూడుసార్లు పెట్టించుకుంది. శనివారం ముఠా పద్నాలుగు పల్లెలకు చెదిరిపోయింది. జబ్బు పిల్లల వాళ్లు మాత్రం అమ్మ వెళ్లి నీళ్లు పోసేదాకా చేను పక్కనే ఆగాలని ఎర్రమ్మ తీర్పు చెప్పి, తనూ ఆగింది. వాళ్ల భోజనం భారతమ్మ చూసింది, పోపు లేకుండా, చాలా బాధపడుతూ. సోని బిడ్డ కళ్లు తెరిచి మొదట అడిగింది మేకనే. ఆ నెల పద్నాలుగు పల్లెల్లో ఎక్కడా కొత్తగా దద్దు కనబడలేదు. ఈసారి మంగ్లి గడపలు లెక్కపెట్టలేదు. లోపలికి పోయి పిల్లల చెవుల వెనక చూసి వచ్చింది.

వెంకటప్పయ్యకు మాత్రం ఒక చిక్కు మిగిలింది. కాగితంలో పదకొండు, దొరికింది తొమ్మిది. మిగతా రెండూ ఏవని మంగ్లిని అడిగాడు. ఒకటి మేకకు అందలేదు, ఒకటి సగం కొరికింది కదా సార్, అవి లెక్కలోకి రావని ఆమె అంది. ఆయన ఏం రాశాడో తెలియదు గానీ, మండలం ఆఫీసులో ఆ ఫైలు తెరిచిన గుమాస్తా ఒకడు మధ్యాహ్నమంతా నవ్వుతూనే ఉన్నాడట.

గోడ మీది పటంలో మంగ్లి రూప్లా తండా మీది బిళ్లలన్నీ గోటితో తీసేసింది. జిగురు మరకలు మిగిలాయి. జగదీష్ గీసిన పటంలో మిర్చి చేను లేదు. అక్కడ తెల్ల కాగితమే. ఆమె పెన్నుతో పాతిక చిన్న డేరాలు గీసి, వాటి పక్కన తొమ్మిది బిళ్లలు అంటించింది. ఎర్రవి అయిపోయాయి కనుక గోరి ఆకుపచ్చవే ఇచ్చింది, అవి కూడా లెక్కపెట్టి.

ఈ కథ చండ్రుగొండ నుంచి ఇల్లందు దాకా బస్సుల్లో చాలాసార్లు తిరిగింది. చెప్పిన ప్రతివాడూ మేకకు ఒక ఇల్లు ఎక్కువ తినిపించాడు. ఎవరైనా వెళ్లి మంగ్లిని అడిగితే, పదకొండని పెట్టిన సంతకం ఇంకా ఆ ఫైల్లోనే ఉంది కనుక, ఆమె రిజిస్టరు మూసి, గొడుగు తీసి, తలుపుకు తాళం వేస్తూ ఒక్కటే చెబుతుంది.

"మేక లేదు. మండల్లేవు. రూప్లా తండల ఎవ్వనికీ బామ్మర్దే లేడు. గా బుధవారం నేను సెలవుల ఉన్న."